పురిటి నొప్పులు – ముందు జాగ్రత్తలు – పంచాయతీ కర్తవ్యము

అనంతపురపు మెట్టభూములలో వానకు ముందుగా సిద్ధపడని రైతు లేడు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే గల సీమ మనది. ఆ కొద్దిపాటి వానయు ఎప్పుడు కురియునో తెలియదు. తెలియదు గనుకనే రైతు ముందుగా గొర్రు బాగుచేయించుకొనును. విత్తనపు కాయలు ఒలిపించి మూటగట్టి యుంచును. ఎద్దులో, ట్రాక్టరో మాట్లాడి పెట్టుకొనును. పదును పోకముందే విత్తనము పడవలెనని అతనికి తెలియును.

కాన్పు అట్లు కాదు. అది సుమారుగా ఏ వారములో వచ్చునో నెలల ముందుగనే తెలియును. అయినను అనేక కుటుంబములలో నొప్పులు మొదలైన తరువాతనే బండి కొరకును, డబ్బు కొరకును, తోడు కొరకును పరుగులు సాగుచున్నవి. ఆ పరుగుల నడుమ గర్భిణి ఒక్కతెయే భయపడుచు నొప్పులు పడుచుండును.

కాన్పు నొప్పిని బొత్తిగా లేకుండ చేయుట పంచాయతీ వలన కాదు. కాని నొప్పిని రెట్టింపు చేయునవి మూడు కలవు: భయము, ఒంటరితనము, ఆలస్యము. ఈ మూడింటిని తొలగించుట గ్రామము చేతిలోని పని. ఇది ఆడవారి సంగతి యని సభ్యులు ఊరకుండరాదు. ఈ విషయము పంచాయతీ సమావేశములో చర్చింపదగినదని మా మనవి.

ఇప్పటి స్థితి

గత రెండు మూడు తరములలో గొప్ప మార్పు వచ్చినది. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. దేశమంతటి లెక్క 88.6 మాత్రమే. 2018–20 లెక్కలలో మన రాష్ట్రమున ప్రతి లక్ష కాన్పులకు 45 మంది తల్లులు మరణించగా, దేశములో ఆ సంఖ్య 97. ఇది సంతోషింపదగిన విషయము. ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం.లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 వాహనములు, ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బంది ఇందుకు శ్రమించిరి. మన సీమలో 1969 నుండి పనిచేసిన గ్రామీణాభివృద్ధి సంస్థ నెలకొల్పిన బత్తలపల్లి, కళ్యాణదుర్గము, కణేకల్లు ఆసుపత్రులు కూడ ఎందరో తల్లులకు అండగా నిలిచినవి.

కాని అదే సర్వేలో మరియొక లెక్క కలదు. మన రాష్ట్రములో నూటికి 42.4 కాన్పులు కడుపు కోసి చేసినవే. అవసరమైనప్పుడు ఈ శస్త్రచికిత్స తల్లీబిడ్డల ప్రాణములు కాపాడును. అట్టి సమయమున వెనుదీయరాదు. అయితే కొన్ని కుటుంబములు "మా బిడ్డ ఆ నొప్పులు పడలేదు, ఆపరేషను చేయుడు" అని తామే అడుగుచున్నవి. ఇది పొరపాటు. కోత వలన నొప్పి తప్పిపోదు. కాన్పుకు ముందు పడవలసినది కాన్పు తరువాతకు మారును. కుట్లు మానువరకు లేచుటకు, బిడ్డ నెత్తుకొనుటకు, నీళ్ళు తోడుటకు కష్టము. తరువాతి కాన్పులో చిక్కులు కలిగే అవకాశము హెచ్చును. కూలికి పోవలసిన స్త్రీకి ఇది చిన్న సంగతి కాదు.

ఆసుపత్రి వరకు దారి ఏర్పడినది. ఆ దారిన పోవు స్త్రీకి ధైర్యము చెప్పు ఏర్పాటు మాత్రము ఇంకను మిగిలియున్నది.

నొప్పి ఏల కలుగును?

తెలియని నొప్పి కంటె తెలిసిన నొప్పిని ఓర్చుకొనుట సులభము. కావున కాన్పు ఎట్లు జరుగునో ప్రతి గర్భిణికిని, ఆమె భర్తకును, అత్తకును ముందుగా తెలిసియుండవలెను.

గర్భసంచి బలమైన కండరములతో నిర్మితమైనది. నెలలు నిండిన పిమ్మట ఆ కండరములు బిగియుచు సడలుచు, గర్భసంచి ముఖద్వారమును కొద్దికొద్దిగా తెరచును. ద్వారము 10 సెంటీమీటర్లు తెరచుకొనునప్పటికి బిడ్డ తల దిగుటకు చోటు ఏర్పడును. ఇది మొదటి దశ. ద్వారము 5 సెంటీమీటర్లు తెరచుకొన్న తరువాత నొప్పులు జోరందుకొనును. అప్పటినుండి ఈ దశ తొలి కాన్పు వారికి సాధారణముగా 12 గంటలకు, ముందు కాన్పులైన వారికి 10 గంటలకు మించదు. ద్వారము పూర్తిగా తెరచుకొన్నది మొదలు బిడ్డ పుట్టువరకు రెండవ దశ. అది తొలి కాన్పున 3 గంటలలోపు, తరువాతి కాన్పులలో 2 గంటలలోపు ముగియుట పరిపాటి. మాయ పడుట మూడవ దశ.

ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. గాయపు నొప్పి ఎడతెగక బాధించును. పురిటి నొప్పి అట్లు గాక అలవలె వచ్చి పోవును. జోరుగా నున్నప్పుడు సైతము 10 నిమిషములలో మూడు నొప్పులు వచ్చి, ఒక్కొక్కటి ఒక నిమిషము నిలిచెననుకొందము. నొప్పి 3 నిమిషములు, విశ్రాంతి 7 నిమిషములు. ఆ 7 నిమిషములను భయముతో గడిపిన స్త్రీ అలసిపోవును. ఊపిరి పీల్చుకొని, రెండు గుక్కలు నీళ్ళు త్రాగి, కనులు మూసికొన్న స్త్రీకి తరువాతి నొప్పికి బలము మిగులును. నొప్పిని ఓర్చుకొను విద్యలో సగము ఈ విరామమును వాడుకొనుటలోనే యున్నది.

భయమునకు మందు

భయపడినప్పుడు మన చేతులు బిగిసికొనును, పండ్లు కరచుకొనును. గర్భిణి శరీరమంతయు అట్లే బిగిసినచో నొప్పి హెచ్చుగా తోచును. మితిమీరిన భయము కాన్పు సాగుటను మందగింపజేయుటయు కలదు. గ్రాంట్లీ డిక్-రీడ్ అను ఆంగ్ల వైద్యుడు 1942లో ప్రచురించిన గ్రంథములో ఈ సంగతినే వివరించెను: భయము వలన బిగువు, బిగువు వలన నొప్పి, నొప్పి వలన మరల భయము. ఈ చక్రమును ఎచ్చటనో ఒకచోట తెంపవలెనని ఆయన చెప్పెను.

ఇది మన పెద్దలకు తెలియని సంగతి కాదు. వెనుకటి దినములలో ఊరి మంత్రసాని నడుము రాయుచు, మాటలు చెప్పుచు, రాత్రి అంతయు ప్రక్కనే కూర్చుండెడిది. శుభ్రత విషయమునను, రక్తస్రావము విషయమునను ఆమె విద్య చాలకపోవచ్చును. అందుచేతనే కాన్పు ఆసుపత్రికి మారినది, మారుట మంచిదే. కాని ఆమె చేసిన ఒక మేలు, అనగా విడువక ప్రక్కనుండుట, ఆసుపత్రికి మారునప్పుడు పలుచోట్ల వెనుకబడిపోయినది. దానిని మరల తెచ్చుకొనవలెను.

కాన్పు సమయమున ఒక ఆత్మీయురాలు ఎడతెగక ప్రక్కనున్నచో నొప్పులు పడు కాలము కొంత తగ్గుననియు, కోత అవసరము తగ్గుననియు, నొప్పి మందుల అవసరము కూడ తగ్గుననియు అనేక దేశములలో జరిగిన పరిశీలనలు తెలిపినవి. భారత ప్రభుత్వము 2016లో ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసవ గదులలోనికి తోడుగా ఒక స్త్రీని అనుమతింపవలెనని సూచించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన సూత్రములలో, గర్భిణి తాను కోరిన వ్యక్తిని తోడుగా ఉంచుకొనుటను సిఫారసు చేసినది. ఈ సంగతి తెలియక మన గ్రామస్థులు గది బయట చెట్టు క్రింద కూర్చుండుచున్నారు. మర్యాదగా అడిగినచో దొరకు సౌకర్యమిది.

నెలలు నిండక ముందు

కాన్పుకు సిద్ధపడుట తొమ్మిదవ నెలలో కాదు, మూడవ నెలలోనే ఆరంభము కావలెను.

మొదటిది రక్తపుష్టి. మన రాష్ట్రములో గర్భిణులలో సగము మందికి పైగా రక్తహీనత కలదు. రక్తము తక్కువైన స్త్రీ త్వరగా అలసిపోవును; కాన్పులో కొంచెము రక్తము పోయినను ఆమె ప్రాణమునకు ముప్పు. రక్తములో హిమోగ్లోబిను 11 గ్రాములకు తగ్గరాదు. 7కు తగ్గినచో తక్షణమే పెద్ద ఆసుపత్రిలో చూపవలెను. నాల్గవ నెలనుండి దినమునకొకటి చొప్పున 180 దినములు ఐరను మాత్ర వేసికొనవలెను. కాఫీ, టీ, పాలతోను, కాల్షియము మాత్రతోను కలిపి వేసికొన్నచో అది ఒంట పట్టదు. నిమ్మరసముతో గాని, ఉసిరికాయతో గాని తీసికొనుట మేలు. మలము నల్లబడునని, కడుపులో త్రిప్పునని మానివేయరాదు; భోజనము తరువాత వేసికొన్నచో త్రిప్పుట తగ్గును.

మన సీమ ఆహారము తక్కువది కాదు. రాగిసంగటి, కొర్రన్నము, ఉలవచారు, వేరుసెనగ ఊరిబిండి, ఆకుకూర పప్పు, గ్రుడ్డు – ఇవి బలవర్ధకములు. బిడ్డ పెద్దదైనచో కాన్పు కష్టమగునని గర్భిణికి అన్నము తగ్గించి పెట్టు ఆచారము కొన్ని ఇండ్లలో కలదు. ఇది మిక్కిలి హానికరము. బలము లేని తల్లి నొప్పులకు ఓర్చుకొనజాలదు. అంగన్‌వాడీ కేంద్రమున ఇచ్చు పోషకాహారము గర్భిణియే తినవలెను, ఇంటిల్లిపాదికి పంచరాదు.

రెండవది పరీక్షలు. కనీసము నాలుగుసార్లు గర్భిణిని పరీక్షింపజేయవలెను. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ పథకము క్రింద వైద్యులు గర్భిణులను ఉచితముగా పరీక్షించుచున్నారు. రక్తపోటు, రక్తము, మూత్రము, బిడ్డ ఉన్న తీరు చూచి, చిక్కు గల కాన్పులను ముందుగా గుర్తించుట ఇందలి ఉద్దేశము.

మూడవది అభ్యాసము. ఉదయము, సాయంకాలము చల్లటి వేళ కొంతసేపు నడచుట మంచిది. దినమునకు పది నిమిషములు ఊపిరి అభ్యాసము చేయవలెను: ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, అంతకంటె మెల్లగా నోటితో విడుచుట, విడుచునప్పుడు భుజములు, దవడ, చేతులు సడలించుట. ఇది చూచుటకు అల్పముగా తోచును. కాని ముందుగా అలవాటైన ఊపిరియే నొప్పుల వేళ అక్కరకు వచ్చును. తోడుగా పోవు స్త్రీ కూడ ఈ అభ్యాసములో పాల్గొనవలెను.

నాల్గవది నిర్ణయములు. ఎనిమిదవ నెల నిండునప్పటికి ఇంటివారు ఈ ప్రశ్నలకు సమాధానములు చెప్పగలిగి యుండవలెను. కాన్పు ఏ ఆసుపత్రిలో? 108 వాహనము ఆలస్యమైనచో ఎవరి ఆటో, ఎవరి జీపు? తోడు ఎవరు? రక్తము కావలసివచ్చినచో ఇచ్చువారెవరు? ఇంటిలో పెద్ద బిడ్డలను, పశువులను చూచువారెవరు? మాతా శిశు సంరక్షణ కార్డు, ఆధారు, బ్యాంకు పుస్తకము, ఉతికి ఎండబెట్టిన పాత నూలు గుడ్డలు, తల్లికి రెండు చీరలు ఒక సంచిలో సర్ది, దానిని అందరికి తెలిసినచోట వ్రేలాడదీయవలెను.

తొలి కాన్పు పుట్టింట జరుగుట మన ఆచారము. రాయదుర్గము, మడకశిర ప్రాంతములలో పుట్టిల్లు కర్ణాటకమున, అత్తవారిల్లు మన రాష్ట్రమున ఉండుట సామాన్యము. అమ్మాయితో పాటు కార్డును, పరీక్షల కాగితములను పంపకున్నచో అచటి వైద్యులకు ఏమియు తెలియదు. ప్రయాణమునకు ముందు ఎ.ఎన్.ఎం.కు తెలిపి పంపుట మంచిది.

నొప్పులు మొదలైనప్పుడు

దొంగ నొప్పులు అప్పుడప్పుడు వచ్చి, విశ్రాంతి తీసికొన్నను, కొంచెము నడచినను తగ్గిపోవును. నిజమైన నొప్పులు క్రమముగా దగ్గరపడుచు, బలము పుంజుకొనుచు, నడుము నుండి ముందుకు వ్యాపించును. రక్తపు చారలతో జిగురు కనుపించుట మరియొక గుర్తు. ఆసుపత్రి దగ్గరగా నున్నవారు నొప్పులు 5 నిమిషములకొకసారి వచ్చువరకు ఇంట ఉండవచ్చును. మన పల్లెలు మండల కేంద్రమునకు దూరము; నడుమ వంకలు, గుంతల బాటలు. కావున 10 నిమిషములకొకసారి నొప్పి వచ్చుచున్నప్పుడే బయలుదేరుట శ్రేయస్కరము. ఇదివరకు బిడ్డలను కన్నవారు ఇంకను త్వరపడవలెను.

108కు ఫోను చేయునప్పుడు ఊరి పేరుతో పాటు మండలము పేరు, ప్రధాన రహదారి నుండి తిరుగు మలుపు గుర్తు చెప్పవలెను. ఒకే పేరు గల పల్లెలు మన జిల్లాలలో పెక్కు కలవు. ఊరి మలుపు వద్ద ఒకరు దీపము పట్టుకొని నిలువవలెను.

ఈ క్రింది గుర్తులున్నచో నొప్పుల కొరకు చూడక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను: రక్తస్రావము, ఫిట్సు, తీవ్రమైన తలనొప్పి, కనులు మసకబారుట, జ్వరము, ఉమ్మనీరు పోవుట, ముఖ్యముగా అది పచ్చగా నుండుట, బిడ్డ కదలిక తగ్గుట, బిడ్డ చేయి గాని, కాలు గాని, బొడ్డుతాడు గాని ముందుగా కనుపించుట, నొప్పులు 12 గంటలు దాటుట.

ప్రసవ గదిలో తోడు చేయు పని

తోడుగా పోవు స్త్రీ తాను బిడ్డలను కన్నదై, ధైర్యము చెప్పగలదై యుండవలెను. అంటువ్యాధి లేనిదై, శుభ్రమైన బట్టలు కట్టుకొని, సిబ్బంది పనికి అడ్డు రాక మొదటినుండి చివరివరకు ఉండవలెను. ఆమె చేయవలసిన పనులు ఇవి.

నొప్పి వచ్చినప్పుడు గర్భిణితో కలిసి మెల్లగా ఊపిరి పీల్చి విడువవలెను. నడుము క్రింది ఎముకపై అరచేతితో గట్టిగా ఒత్తవలెను. వెచ్చని గుడ్డతో కాపడము పెట్టవలెను. మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. గదిలో చెమటతోనే సగము బలము పోవును. నుదుట తడిగుడ్డ వేయుట, విసురుట, నొప్పికి నొప్పికి నడుమ నీళ్ళు, మజ్జిగ, పలుచని రాగి అంబలి, గంజి కొద్దికొద్దిగా త్రాగించుట అవసరము. వైద్యులు వద్దన్నచో మానవలెను. రెండు మూడు గంటలకొకసారి మూత్రవిసర్జనకు పంపవలెను.

గర్భిణిని వెల్లకిల పరుండబెట్టి కదలవద్దనుట సరికాదు. చిక్కులు లేని కాన్పులో ఆమె నడువవచ్చును, కూర్చుండవచ్చును, గోడ పట్టుకొని ముందుకు వంగవచ్చును, ప్రక్కకు తిరిగి పరుండవచ్చును. తనకు ఏ భంగిమలో సుఖమో ఆమెకే తెలియును. ద్వారము పూర్తిగా తెరచుకొనకముందే "ముక్కుము, ముక్కుము" అని తొందరపెట్టరాదు. సమయము వచ్చినప్పుడు నర్సు చెప్పును.

ఆమె అరచినచో కసరుకొనరాదు. "అందరును కనలేదా?" అను మాట ధైర్యమునీయదు, సిగ్గును, భయమును పెంచును. "ఇది ఒక నొప్పి తగ్గినది, ఇంతవరకు ఓర్చుకొంటివి" అను మాట బలమునిచ్చును. బంధువులకును, సిబ్బందికిని ఇది సమానముగా వర్తించును.

నొప్పి తగ్గించు మందులు

నొప్పి తగ్గించుకొన గోరుట నేరము కాదు, పిరికితనము కాదు. 1847లో స్కాట్లండు వైద్యుడు జేమ్సు యంగ్ సింప్సన్ కాన్పులో మత్తుమందు వాడినప్పుడు తగదని వాదించినవారు కలరు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో క్లోరోఫారము పుచ్చుకొనిన తరువాత ఆ వాదము సన్నగిలెను. మన హైదరాబాదులో 1888, 1889 సంవత్సరములలో క్లోరోఫారముపై పేరెన్నికగన్న పరిశోధనలు జరిగినవి. ప్రపంచములో మత్తు వైద్యము చేపట్టిన తొలి మహిళలలో ఒకరుగా చెప్పబడు రూపాబాయి ఫర్దూన్జీ ఆ నగరముననే పనిచేసిరి. నేడు క్లోరోఫారమునకు బదులు అంతకంటె సురక్షితమైన మార్గములు కలవు.

నొప్పి తగ్గించు ఇంజెక్షనులు కొన్ని కలవు. వాని వలన తల్లికి మగత, వాంతి కలుగవచ్చును. కాన్పు సమీపించినప్పుడు ఇచ్చినచో బిడ్డ శ్వాస మందగింపవచ్చును. కావున వైద్యులే నిర్ణయింపవలెను. కొన్ని ఆసుపత్రులలో నైట్రస్ ఆక్సైడు, ప్రాణవాయువు సమపాళ్ళుగా కలిపిన గాలిని గర్భిణి తానే పీల్చు ఏర్పాటు కలదు. వెన్నులో సన్నని గొట్టము ద్వారా మందు ఇచ్చు ఎపిడ్యూరల్ పద్ధతి నొప్పిని అన్నిటికంటె బాగుగా తగ్గించును. దానికి మత్తు వైద్యుడు, ఎడతెగని పర్యవేక్షణ అవసరము. కాళ్ళు మొద్దుబారుట, రక్తపోటు తగ్గుట కలుగవచ్చును. పెద్ద ఆసుపత్రులలో తప్ప ఇది దొరకదు. పరీక్షలకు పోయినప్పుడే ఈ సౌకర్యము కలదా యని అడుగుటకు గర్భిణికి హక్కు కలదు.

ఇక మిక్కిలి జాగ్రత్తగా వినవలసిన మాట ఒకటి. అర్హత లేనివారు ఇంటియొద్దనే "నొప్పుల సూది" వేసి కాన్పును తొందరచేయుట కొన్నిచోట్ల జరుగుచున్నది. ఆ మందు ఆక్సిటోసిన్. కాన్పుకు ముందు లెక్కలేక ఇచ్చినచో గర్భసంచి విరామము లేక బిగిసి, బిడ్డకు ప్రాణవాయువు అందక, ఒక్కొక్కప్పుడు గర్భసంచియే చినిగి, తల్లీబిడ్డలిద్దరును దక్కకపోవుదురు. నొప్పుల మధ్య విరామమే తల్లికి బలమని పైన చెప్పితిమి. బిడ్డకు ఊపిరి సైతము ఆ విరామముననే సరిగా అందును. ఆ విరామమును దొంగిలించు సూది ఇది. ఇదే మందును బిడ్డ పుట్టిన నిమిషములోపు ఆసుపత్రిలో ఇచ్చినచో రక్తస్రావము తగ్గి తల్లి ప్రాణము నిలుచును. పొట్టపై కూర్చుండి నొక్కుట, నొప్పులు రావలెనని ఆముదము పట్టించుట కూడ మానవలెను.

కాన్పు అయిన పిమ్మట

బిడ్డను తుడిచి తల్లి రొమ్మున చేర్చి, గంటలోపల ముర్రుపాలు పట్టించవలెను. ముర్రుపాలు పిండి పారబోయరాదు. అవి బిడ్డకు తొలి రక్షణ. బాలింతకు నీళ్ళు ఇయ్యరాదను పథ్యము మన పల్లెలలో ఇంకను వినబడుచున్నది. చెమట, రక్తము పోయిన శరీరమునకు నీరు లేకున్న పాలు ఎచ్చటనుండి వచ్చును? కాచి చల్లార్చిన నీరు కావలసినంత ఇయ్యవలెను. సాధారణ కాన్పులో బిడ్డ పుట్టిన తరువాత ఆసుపత్రిలో కనీసము రెండు దినములు ఉండుట మంచిది. 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము వలన ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, కోత, మందులు, పరీక్షలు, రక్తము ఉచితము. సాధారణ కాన్పుకు 3 దినములు, కోత కాన్పుకు 7 దినములు భోజనము, రానుపోను వాహనము కూడ ఉచితము. వీనికి ఎవరికిని డబ్బు ఇయ్యనక్కరలేదు.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు 73వ సవరణ 1993లో అమలులోనికి వచ్చినప్పుడు, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి చేరినవి. ప్రతి గ్రామమునకు ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము కలదు. దానికి ఏటా 10,000 రూపాయల వరకు నిధి మంజూరగు ఏర్పాటు కలదు. కావున ఈ క్రింది పనులు పంచాయతీ శక్తికి మించినవి కావు.

1. ప్రతి నెల సంఘ సమావేశములో, ఆ నెలలోను పై నెలలోను కాన్పు కావలసిన వారిని గూర్చి ఆశా, ఎ.ఎన్.ఎం.లతో సమీక్షింపవలెను. ఎవరికి బండి లేదు, ఎవరికి తోడు లేదు, ఎవరికి రక్తము తక్కువ – ఇంతమాత్రము తెలిసిన చాలును. స్త్రీల సొంత విషయములు బయట చాటరాదు.

2. అత్యవసరమునకు పిలువదగిన రెండు వాహనముల యజమానుల ఫోను నంబర్లు పంచాయతీ గోడపై 108 ప్రక్కన వ్రాయింపవలెను. కిరాయి ముందుగా నిర్ణయింపవలెను.

3. ఊరినుండి రహదారి వరకు బాటను, వంక దాటుచోటును వానకాలమునకు ముందే బాగుచేయింపవలెను. మన సీమలో ఏడాదికి నాలుగు వానలే. కాని ఆ ఒక్క రాత్రి వంక పారినప్పుడే నొప్పులు రావచ్చును.

4. ఓర్పు, అనుభవము గల స్త్రీలను ముగ్గురు నలుగురిని తోడు పోవుటకు ఏర్పరచి, ఎ.ఎన్.ఎం. చేత శిక్షణ ఇప్పింపవలెను. వెనుకటి మంత్రసానులు ఊరిలో ఉన్నచో వారిని గౌరవించి ఈ పనికి పిలువవలెను. కాన్పు చేయుట ఆసుపత్రి పని. ధైర్యమిచ్చుట వారి విద్య. ఎనిమిదవ నెలలో గర్భిణిని, ఆమె తోడును ఒకసారి ఆసుపత్రికి గొనిపోయి ప్రసవ గదిని, అచటి నర్సును పరిచయము చేయించుట మేలు. చూచిన చోటు భయపెట్టదు.

5. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు ప్రసవ గదిలో పడకల నడుమ తెరలున్నవా, మరుగుదొడ్డికి నీరున్నదా, ఫ్యాను తిరుగుచున్నదా, తోడు కూర్చుండుటకు బల్ల యున్నదా యని మహిళా సభ్యులు పోయి చూడవలెను. తెర లేకున్న తోడును లోనికి రానీయుటకు సిబ్బంది సంకోచింతురు. పదిగజముల గుడ్డతో తీరు కొరత ఇది. లోపమున్నచో నిందింపక, తీర్మానము చేసి ఆసుపత్రి అభివృద్ధి సంఘమునకు పంపవలెను.

6. బెంగుళూరు వంటి చోట్లకు వలసపోవు కుటుంబములలో గర్భిణులున్నచో వారి వివరములు, ఫోను నంబరు వ్రాసికొని, కార్డు వెంట పంపవలెను. ఏడవ నెల దాటిన వారిని ఊరనే ఉంచుటకు బంధువులకు నచ్చజెప్పవలెను. ఉపాధి పనులలో గర్భిణులకు గంపలెత్తు పని తప్పించి తేలికపని చూపవలెను.

7. అర్హత లేనివారు నొప్పుల సూది వేయుచున్నారని తెలిసినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి వెంటనే తెలుపవలెను.

8. 18 ఏండ్లు నిండని బాలికల పెండ్లి ఆపవలెను. పై సర్వే నాటికి మన రాష్ట్రములో 15 నుండి 19 ఏండ్ల వారిలో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులు గాని, గర్భిణులు గాని అయియుండిరి. పూర్తిగా ఎదగని శరీరమునకు కాన్పు మరింత కష్టము, మరింత ప్రమాదము.

ఇతర ప్రాంతములలో జరిగిన కృషి మనకు ఆదర్శము కాగలదు. మన్యములో కొండపల్లెల గర్భిణుల కొరకు సాలూరులో 2018లో వసతిగృహమును తెరచి, నెలలు నిండకముందే వారిని ఆసుపత్రి చెంతకు చేర్చు ఏర్పాటు చేసిరి. తెలంగాణలో 2017లో కరీంనగరమున నర్సులకు 18 నెలల ప్రసూతి శిక్షణ ప్రారంభించి, సహజ కాన్పును ఓర్పుతో నడిపించు నేర్పును ఇచ్చిరి. మన సీమలోను దూరములు కలవు. దూరపు పల్లెవారు చివరి వారములో మండల కేంద్రమునందలి బంధువుల ఇంట గర్భిణిని ఉంచినచో ఆ మేలు మనకును కలుగును.

ఈ నెల సమావేశపు కార్యక్రమములో ఈ విషయమును ఒక అంశముగా చేర్చుడు. మీ గ్రామములో రానున్న రెండు నెలలలో కాన్పు కావలసిన వారెందరో లెక్క తీయుడు. ఆ జాబితాలోని ప్రతి పేరునకు ఎదురుగా ఆసుపత్రి, బండి, తోడు, రక్తదాత అను నాలుగు గడులు గీసి నింపుడు. ఏ గడి ఖాళీగా నున్నదో అదియే ఆ నెల మీ పని.